ఎల్‌ఎస్‌యూ బేస్‌బాల్: క్రూస్ గొప్పవాడా, స్కీన్స్ గొప్పవాడా, 2026లో ఎవరు ఎక్కడ ఆడాలి?

వీక్షకులందరికీ నమస్కారం. లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే అందరూ ఎల్‌ఎస్‌యూ అని పిలుచుకునే జట్టు, 2025 జూన్‌లో ఓమహాలో కోస్టల్ కరోలినాను వరుసగా రెండు మ్యాచ్‌లలో ఓడించి కాలేజీ బేస్‌బాల్‌లో ఎనిమిదోసారి జాతీయ విజేత అయింది. ఆనాటి నుంచి ఆ జట్టు అభిమానులు ఎక్కడ కలిసినా రెండే వాదనలు వినిపిస్తున్నాయి. ఈ ఊదా, పసుపు రంగుల చొక్కా వేసుకున్నవారిలో ఎవరి కాలేజీ జీవితం అన్నిటికన్నా గొప్పది అన్నది మొదటిది. 2026 ఫిబ్రవరి 13న మొదలయ్యే కొత్త సీజన్‌లో ఎవరు ఏ స్థానంలో ఆడాలి అన్నది రెండోది. ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు కావనీ, మొదటిదానికి మనం చెప్పే జవాబును బట్టే రెండోదానికి జవాబు ఉంటుందనీ నేను నమ్ముతున్నాను. ఈ వీడియోలో ఆ సంగతే వివరంగా మాట్లాడుకుందాం.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనవాళ్ల కోసం ముందుగా ఒక విషయం చెప్పాలి. హైస్కూల్ ముగించి నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో చేరిన ఆటగాడిని మూడేళ్లు పూర్తయ్యేదాకా, లేదా అతనికి 21 ఏళ్లు నిండేదాకా, మేజర్ లీగ్ (అమెరికాలోని అత్యున్నత ప్రొఫెషనల్ లీగ్) జట్లు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను వంతులవారీగా పంచుకునే ఏటా జరిగే ఎంపికలో, ఎంచుకోవడానికి వీల్లేదు. కాబట్టి మంచి ఆటగాడు ఎవరైనా కాలేజీ అభిమానులకు దక్కేది మహా అయితే మూడు వసంతాలు. ఫిబ్రవరి మధ్యలో సీజన్ మొదలవుతుంది, సాధారణ సీజన్‌లో 56 మ్యాచ్‌లకు మించి ఉండవు, ఆ తర్వాత 64 జట్లు టోర్నమెంట్‌కు వెళ్తాయి, చివరికి మిగిలిన ఎనిమిది జట్లు నెబ్రాస్కా రాష్ట్రంలోని ఓమహా చేరుకుంటాయి. 1950 నుంచి ఈ ఆఖరి పోటీలు ఆ నగరంలోనే జరుగుతున్నాయి. మన దగ్గర ఒక ఆటగాడిని పదిహేనేళ్లు చూస్తూ అతని ఎదుగుదలతో పాటు మనమూ పెద్దవాళ్లమవుతాం. కాలేజీ బేస్‌బాల్‌లో ఆ వీలు లేదు. అందుకే అక్కడి అభిమానులు ఒక్కో సీజన్‌ను అంత గట్టిగా పట్టుకుంటారు, అంత తీవ్రంగా వాదించుకుంటారు.

ఇక మొదటి వాదన సంగతి చూద్దాం. 2023లో విజేతగా నిలిచిన జట్టులో ఇద్దరు మహా ఆటగాళ్లు ఒకేసారి ఉన్నారు. ఒకరు అవుట్‌ఫీల్డర్, అంటే మైదానం వెనుక భాగంలో ఫీల్డింగ్ చేసే డిలన్ క్రూస్, మరొకరు పిచ్చర్, అంటే బంతి వేసే పాల్ స్కీన్స్. ఆ ఏడాది మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో స్కీన్స్‌ను పిట్స్‌బర్గ్ పైరేట్స్ మొదటి స్థానంలోనూ, క్రూస్‌ను వాషింగ్టన్ నేషనల్స్ రెండో స్థానంలోనూ తీసుకున్నాయి. ఒకే కాలేజీ జట్టులో కలిసి ఆడిన ఇద్దరు ఇలా మొదటి రెండు స్థానాల్లో ఎంపిక కావడం డ్రాఫ్ట్ చరిత్రలో అదే మొదటిసారి.

క్రూస్ 2020లో హైస్కూల్ నుంచి నేరుగా ప్రొఫెషనల్ ఆటలోకి వెళ్లే అవకాశం ఉన్నా డ్రాఫ్ట్ నుంచి తన పేరు వెనక్కి తీసుకుని ఎల్‌ఎస్‌యూ ఉన్న బేటన్ రూజ్ నగరానికి వచ్చాడు. 2021 నుంచి మూడు సీజన్లు ఆడి మొత్తం 58 హోమ్ రన్లు (మన సిక్సర్లలా బంతిని గోడ దాటించే దెబ్బలు) కొట్టాడు. చివరి సీజన్‌లో అతని బ్యాటింగ్ సగటు 0.426. క్రికెట్ సగటుకు అలవాటు పడిన మనకు ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు హిట్ సాధించినవాడినే, అంటే బంతిని కొట్టి అవుట్ కాకుండా పరుగు దారిలోని బేస్ చేరినవాడినే, మంచి బ్యాటర్ అంటారు. క్రూస్ సీజనంతా నాలుగుకు పైగా సాధించాడు. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచేది మరొకటి ఉంది. ఆ ఏడాది జట్టు ఆడిన 71 మ్యాచ్‌లలో ప్రతి ఒక్కదానిలోనూ అతను కనీసం ఒకసారి బేస్ చేరుకున్నాడు. దేశంలోని ఉత్తమ అమెచ్యూర్ ఆటగాడికి ఇచ్చే గోల్డెన్ స్పైక్స్ అవార్డు ఆ ఏడాది అతనికే దక్కింది.

స్కీన్స్ కథ పూర్తిగా వేరు. అతను రెండేళ్లు ఎయిర్ ఫోర్స్ అకాడమీలో పిచ్చర్‌గానూ, బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్‌గానూ ఆడి, ఆ తర్వాత ఎల్‌ఎస్‌యూకు మారి ఒకే ఒక్క సీజన్ ఆడాడు. ఆ ఒక్క సీజన్‌లోనే 209 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) సాధించి, 1989లో ఇదే ఎల్‌ఎస్‌యూకు చెందిన బెన్ మెక్‌డొనాల్డ్ 202 స్ట్రైకౌట్లతో నెలకొల్పిన సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎల్‌ఎస్‌యూ ఆడే విశ్వవిద్యాలయాల లీగ్) రికార్డును దాటాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతను ఇచ్చిన పరుగుల సగటు 1.69 మాత్రమే.

అతని గొప్పతనం అంకెల్లో కన్నా ఒక రాత్రి జరిగిన మ్యాచ్‌లో బాగా కనిపిస్తుంది. ఓమహాలో 2023 జూన్ 22న, ఫైనల్‌కు వెళ్లేది ఎవరో తేల్చే మ్యాచ్‌లో, ఆ సీజన్‌లో దేశంలోనే మొదటి ర్యాంకు జట్టుగా ఉన్న వేక్ ఫారెస్ట్ ఎదురైంది. అటు రెట్ లౌడర్, ఇటు స్కీన్స్. లౌడర్ ఏడు ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఇవ్వలేదు, స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో రెండే రెండు హిట్లు ఇచ్చి అతనూ ఒక్క పరుగు ఇవ్వలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసినా స్కోరు సున్నా దగ్గరే ఉంది. పదో ఇన్నింగ్స్ కూడా గడిచింది. పదకొండో ఇన్నింగ్స్‌లో టామీ వైట్ కొట్టిన రెండు పరుగుల హోమ్ రన్ ఎడమవైపు గోడ దాటడంతో ఎల్‌ఎస్‌యూ 2–0తో గెలిచి ఫైనల్ చేరింది. కాలేజీ బేస్‌బాల్ అంటే ఏమిటో చూపించమని ఎవరైనా అడిగితే నేను మొదట ఆ మ్యాచ్‌నే చూపిస్తాను. ఫ్లోరిడాతో జరిగిన ఫైనల్ మూడు మ్యాచ్‌లలో స్కీన్స్ ఒక్క బంతి కూడా వేయలేదు, అయినా ఓమహాలో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనికే ఇచ్చారు. అది ఎంత న్యాయమైన నిర్ణయమో వేక్ ఫారెస్ట్ మ్యాచ్ చూసినవారికి చెప్పనక్కర్లేదు.

స్కీన్స్ పక్షం వహించే అభిమానులు ఇక్కడితో ఆగరు. అతను 2024లో మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడనీ, 2025లో ఓట్లు వేసినవారందరూ ఏకగ్రీవంగా ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డుకు ఎంచుకున్నారనీ గుర్తు చేస్తారు. క్రూస్ మేజర్ లీగ్‌లో ఇంకా నిలదొక్కుకునే ప్రయత్నంలోనే ఉన్నాడు కాబట్టి వాదన ముగిసిందని వారు భావిస్తారు. ఈ తర్కాన్ని నేను ఒప్పుకోను. పిట్స్‌బర్గ్‌లో వేసిన బంతులను బేటన్ రూజ్ లెక్కలో కలపడం తగదు. కాలేజీ జీవితాన్ని ఆ చొక్కా వేసుకున్న రోజులతోనే తూచాలి.

దీనికి ఉదాహరణ కావాలంటే ఇదే కాన్ఫరెన్స్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వైపు చూడండి. అక్కడ ఆడిన కుమార్ రాకర్ పేరు వినగానే మనవాళ్లు ఆగి అడుగుతారు. అవును, అతని తల్లి భారతీయ మూలాలున్న కుటుంబానికి చెందినవారు. 2019 జూన్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయంపై అతను ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లతో మ్యాచ్ ముగించాడు. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ జాతీయ విజేత అయింది, ఓమహాలో ఉత్తమ ఆటగాడు అతనే. 2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో స్థానంలో ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడు టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది, ఆ తర్వాత మోచేతికి శస్త్రచికిత్స జరిగింది, 2024 సెప్టెంబరులో గానీ మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టలేకపోయాడు. ఈ కష్టాలలో ఏ ఒక్కటీ డ్యూక్‌పై వేసిన ఆ రాత్రిని ఒక్క బంతి మేరకైనా తగ్గించదు. కష్టాలు తగ్గించలేని గతాన్ని పురస్కారాలు పెంచుతాయనడమూ సరికాదు.

అందువల్ల నా తీర్పు ఇది: ఎల్‌ఎస్‌యూ చొక్కాలో అన్నిటికన్నా గొప్ప సీజన్ స్కీన్స్‌ది, గొప్ప కాలేజీ జీవితం క్రూస్‌ది. జట్టు బలహీనంగా ఉన్న రోజుల్లో వచ్చి, మధ్యలో కోచ్ మారినా వెళ్లిపోకుండా, మూడో ఏట దాన్ని శిఖరానికి చేర్చినవాడు క్రూస్. పాత తరం అభిమానులు ఇక్కడ వారెన్ మోరిస్ పేరు తీసుకొస్తారు. 1996 ఫైనల్‌లో మయామీపై, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక, ఆ సీజన్ మొత్తంలో తన ఏకైక హోమ్ రన్ కొట్టి 9–8తో జట్టును గెలిపించినవాడు మోరిస్. ఆ ఒక్క దెబ్బను ఏ అంకెతోనూ కొలవలేం కాబట్టి దాన్ని ఈ పోటీలోకి లాగకపోవడమే దానికి మర్యాద.

ఇప్పుడు రాబోయే లైనప్ విషయానికి వద్దాం. 2025లో జట్టును మోసిన పిచ్చర్ కేడ్ ఆండర్సన్ లూసియానా బిడ్డ. కోస్టల్ కరోలినా 26 వరుస విజయాలతో ఫైనల్‌కు వస్తే, మొదటి మ్యాచ్‌లో అతను తొమ్మిది ఇన్నింగ్స్ ఒంటరిగా వేసి, మూడే హిట్లు ఇచ్చి, 1–0తో ఆ పరంపరను తెంచాడు. ఆ ఒక్క పరుగు మొదటి ఇన్నింగ్స్‌లో స్టీవెన్ మైలమ్ కొట్టిన హిట్ మీద వచ్చింది. ఆండర్సన్‌ను సియాటిల్ మెరినర్స్ డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో తీసుకుంది. ఆంథొనీ ఐయన్సన్, జారెడ్ జోన్స్, ఈథన్ ఫ్రే, డానియల్ డికిన్సన్ కూడా వెళ్లిపోయారు. అంటే మొదటి ఇద్దరు పిచ్చర్లూ, బలమైన బ్యాటర్లలో ముగ్గురూ ఇప్పుడు లేరు.

కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు శుక్ర, శని, ఆదివారాల్లో వరుసగా మూడు జరుగుతాయి గనుక శుక్రవారం బంతి వేసేవాడే జట్టుకు పెద్ద దిక్కు. ఆ స్థానానికి ముగ్గురి పేర్లు వినిపిస్తున్నాయి. కేసన్ ఇవాన్స్ మొదటి ఏడాదిలోనే మ్యాచ్ చివర్లోనూ, మొదట్లోనూ బాధ్యత మోశాడు. కూపర్ మూర్ కాన్సస్ నుంచి మారి వచ్చాడు. విలియం ష్మిట్ బేటన్ రూజ్ కుర్రాడు, ప్రొఫెషనల్ అవకాశాన్ని వదులుకుని సొంత ఊరి జట్టును ఎంచుకున్నాడు. నా ఓటు ఇవాన్స్‌కు. ఓమహా దాకా సాగిన సీజన్‌లో అతని గుండె నిబ్బరం ఎలాంటిదో మనం చూశాం, మూర్ ఎంత మంచివాడైనా ఈ కాన్ఫరెన్స్ వేడి ఇంకా చూడవలసి ఉంది. మూర్ శనివారం, ష్మిట్ ఆదివారం వేయాలి.

బ్యాటింగ్ వరుసలో మొదటి పేరు డెరెక్ క్యూరియల్‌ది కావాలి, ఇందులో వాదనకు చోటు లేదు. మొదటి ఏడాదిలోనే 0.345 సగటు సాధించిన ఆటగాడు, తొందరపడి బ్యాట్ ఊపడు, ఎదుటి పిచ్చర్ చేత ఎక్కువ బంతులు వేయిస్తాడు. అతన్ని సెంటర్ ఫీల్డ్‌లో పెట్టాలి. రెండో స్థానంలో మైలమ్, ఎందుకంటే అతను రెండు చేతులవైపు నుంచీ బ్యాట్ చేయగలడు, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్) స్థానమూ అతనిదే. మూడో స్థానంలో జేక్ బ్రౌన్. అసలు చిక్కు నాలుగో స్థానం దగ్గర వస్తుంది. గ్రాండ్ కానియన్ నుంచి వచ్చిన జాక్ యార్క్ బలమైన ఎడమచేతి బ్యాటర్ కాబట్టి చాలామంది అతన్నే అక్కడ పెడుతున్నారు. కానీ క్యూరియల్, బ్రౌన్ ఇద్దరూ ఎడమచేతివారే. బ్రౌన్ వెనుకే యార్క్ వస్తే, మ్యాచ్ చివర్లో ఎదుటి కోచ్ ఒకే ఒక ఎడమచేతి పిచ్చర్‌ను దించి ఆ ఇద్దరినీ కట్టడి చేయగలడు, ఎందుకంటే ఎడమచేతి పిచ్చర్ వేసే వంపు బంతి ఎడమచేతి బ్యాటర్ నుంచి దూరంగా జారిపోతుంది. అందుకే ఒరెగాన్ స్టేట్ నుంచి వచ్చిన కుడిచేతి బ్యాటర్ ట్రెంట్ కారవేను ఆ ఇద్దరి మధ్య నాలుగో స్థానంలో నిలిపి, యార్క్‌ను అయిదుకు, క్యాచర్ కేడ్ అరాంబిడేను ఆరుకు పంపాలి. మిగిలిన మూడు స్థానాలు ఫిబ్రవరిలో ఎవరు బాగా ఆడితే వారివి.

ఈ వరుసలో మొదటి ముగ్గురూ జట్టులోనే ఎదిగినవారని మీరు గమనించి ఉంటారు. ఇతర విశ్వవిద్యాలయాల నుంచి మారి వచ్చేవారిని అద్దె ఆటగాళ్లనడం నాకు నచ్చదు, స్కీన్స్, వైట్ అలా వచ్చినవారే కదా. అయినా 2023 విజయానికి వెన్నెముక క్రూస్ వంటి మూడేళ్ల ఆటగాడు. అతనూ స్కీన్సూ వెళ్లిపోయిన 2024లో జట్టు చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా చేతిలో ఓడి ఓమహా చేరలేకపోయింది. 2010, 2011లలో సౌత్ కరోలినా గెలిచాక వరుసగా రెండేళ్లు విజేతగా నిలిచిన జట్టు లేదు. ఈసారి ఎల్‌ఎస్‌యూ ఆ పని చేయాలంటే కోచ్ జే జాన్సన్ కొత్తవారిని పాతవారి చుట్టూ పేర్చాలి గానీ పాతవారి స్థానాలను కొత్తవారికి పంచకూడదు. ఇప్పుడు జట్టులో 34 మందికి మించి ఉండకూడదన్న నియమం వచ్చింది కాబట్టి, నిదానంగా ఎదిగే కుర్రాళ్లను ఓపికగా ఉంచుకోవడం కోచ్‌లకు మరింత కష్టమవుతుంది, ఎదిగి నిలిచినవారి విలువ అంతకంతకూ పెరుగుతుంది.

క్యూరియల్‌కు 2026లో 21 ఏళ్లు నిండుతాయి. రెండో ఏడాది ఆటగాడైనా జులైలో అతను డ్రాఫ్ట్‌కు అర్హుడే, వెళ్లిపోతాడనే అందరి అంచనా. అంటే క్రూస్‌కు దొరికినన్ని వసంతాలు ఇతనికి దొరకవు. మొదటి మ్యాచ్ నుంచే చూడండి, ముఖ్యంగా అతను బ్యాట్ ఊపకుండా వదిలేసే బంతులను చూడండి.