డిమాండు వేరు, జమ వేరు: రాష్ట్ర విశ్వవిద్యాలయాల బడ్జెట్, ప్రవేశాలు

రిజిస్ట్రార్లకు, ఫైనాన్స్ ఆఫీసర్లకు, అడ్మిషన్ల డైరెక్టర్లకు, ప్రిన్సిపాళ్లకు నమస్కారం.

బడ్జెట్ అంచనాలు పాలక మండలి ముందుకు వచ్చినప్పుడు ఆదాయం వైపు 'ఫీజులు' అన్న పద్దు దగ్గర కాస్త ఆగండి. ఆ అంకె ఎలా వచ్చిందని అడగండి. చాలాచోట్ల మంజూరైన సీట్లను ఫీజుతో హెచ్చవేసి రాసేస్తారు. లెక్క తప్పేది అక్కడే.

ఉదాహరణకు సెల్ఫ్ ఫైనాన్స్ (అంటే ఫీజుల మీదే నడిచే) ఎమ్మెస్సీ కోర్సు ఒకటి తీసుకుందాం. 40 సీట్లు, ఏడాదికి 30 వేల ఫీజు. బడ్జెట్‌లో 12 లక్షలు పడింది. కౌన్సెలింగ్‌లో 36 సీట్లు కేటాయించారు, వచ్చి చేరింది 27 మంది. వాళ్లలో 20 మంది ఆర్‌టీఎఫ్ కిందికి, అంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కిందికి వస్తారు. ఫీజు మొత్తం పథకం పరిమితిలోనే ఉందనుకున్నా, వెంటనే చేతికొచ్చేది మిగతా ఏడుగురు కట్టిన 2 లక్షల 10 వేలే. రావాల్సిన 6 లక్షలు ఈపాస్ (స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్) దరఖాస్తు, హాజరు, వెరిఫికేషన్, బిల్లు, ఆ బిల్లుకు ట్రెజరీ ఇచ్చే టోకెన్ అన్నీ దాటి ఏ ఆర్థిక సంవత్సరంలో జమవుతాయో ఎవరూ చెప్పలేరు. మధ్యలో మానేసిన పిల్లల బిల్లు ఆగిపోతుంది. 12 లక్షలు చూసుకుని పెట్టుకున్న పార్ట్‌టైమ్ అధ్యాపకులకు మాత్రం నెలనెలా ఇవ్వాల్సిందే.

అందుకని ప్రతి కోర్సుకీ మూడు గడులు పెట్టండి: డిమాండు (చేరినవాళ్ల లెక్కన రావాల్సిన మొత్తం), బకాయి, ఈ ఏడాది నిజంగా పడే జమ. ఖర్చుకు అనుమతి మూడో గడిని చూసే ఇవ్వాలి. ఆర్‌టీఎఫ్ బకాయిలను ఏ ఏటివి ఆ ఏటికి విడిగా చూపాలి. అన్నీ కలిపి ఒకే మొత్తంగా రాస్తే పాత బాకీ కొత్త ఆదాయంలా కనపడుతుంది.

ఇక ఖర్చు. పిల్లలు తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గదు. ప్రభుత్వం వర్సిటీకి ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటులో సింహభాగం జీతాలకు, పెన్షన్లకే పోతుంది. ప్రభుత్వ ఉద్యోగి పెన్షన్ ట్రెజరీ నుంచి వస్తుంది. మన పెన్షనర్లకు వర్సిటీయే ఆ గ్రాంటులోంచీ, చాలకపోతే సొంత నిధుల్లోంచీ ఇచ్చుకోవాలి. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లంతా పాత పెన్షన్ వాళ్లే. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం వర్సిటీ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కి పెంచింది. దాంతో గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి ఇవ్వడం) చెల్లింపులు వెనక్కి జరిగాయే తప్ప తప్పిపోలేదు. ఎవరు ఏ నెలలో రిటైరవుతారో పదేళ్ల పట్టిక ఒకటి ఉండితీరాలి. పే రివిజన్ కూడా అంతే. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఏడో వేతన సవరణలో 2016 జనవరి నుంచి 2019 మార్చి దాకా అదనపు భారంలో సగం కేంద్రం భరించింది, ఆ తర్వాతిదంతా రాష్ట్రం మీదే పడింది.

గ్రాంటు విడుదల ఆలస్యమైన నెలలో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. పరీక్షల విభాగం ఖాతా నుంచో, ప్రాజెక్టు నిధుల నుంచో 'సర్దుబాటు' చేస్తారు. తిరిగి వేయడం కుదరదు. ఇచ్చిన డబ్బు దేనికి వాడామో చెప్పే వినియోగ ధ్రువపత్రం ఇవ్వలేక ప్రాజెక్టు రెండో వాయిదా ఆగుతుంది, ల్యాబులో పరికరం రాదు, రీసెర్చ్ స్కాలర్ ఫెలోషిప్ నిలిచిపోతుంది. అప్పు తీసుకున్న తేదీ, తీర్చే తేదీ ఫైనాన్స్ కమిటీ మినిట్స్‌లో లేకుండా ఒక్క రూపాయి కదలకూడదు. ఏడాది మొదట్లో ఖాతాలో ఉన్న ప్రారంభ నిల్వలోంచి ప్రాజెక్టు, స్కాలర్‌షిప్, కాషన్ డిపాజిట్ (విద్యార్థులకు తిరిగి ఇవ్వాల్సిన పూచీ సొమ్ము) డబ్బులు తీసేశాకే మనది ఎంతో తేలుతుంది. దూరవిద్య ఆదుకుంటుందనే ధీమా కూడా పాతదైపోయింది. రాష్ట్రం బయట స్టడీ సెంటర్లకు యూజీసీ ఒప్పుకోవడం లేదు, కాలేజీలకు, వర్సిటీలకు నాణ్యత గ్రేడులిచ్చే న్యాక్ గ్రేడు నిబంధనలూ బిగిశాయి.

ప్రవేశాల్లో మనం ఎక్కువగా నష్టపోయేది క్యాలెండర్ దగ్గర. డిగ్రీ ఆరో సెమిస్టర్ ఫలితాలు నెల ఆలస్యమైతే పీజీ కౌన్సెలింగ్ కూడా నెల వెనక్కి జరుగుతుంది. అప్పటికే ప్రైవేటు వాళ్లు ఫీజు కట్టించుకుని ఉంటారు. పరీక్షలు పెట్టేదీ మనమే, సీట్లు ఖాళీగా ఉన్నాయని వాపోయేదీ మనమే! ఫీజు బకాయి ఉందని కాలేజీ ఒరిజినల్స్ ఇవ్వకపోతే సీటొచ్చిన పిల్ల చేరలేక వెనక్కి పోతుంది. ఆన్‌లైన్ మార్కుల మెమో, హామీపత్రం తీసుకుని 30 రోజుల గడువుతో తాత్కాలికంగా చేర్చుకోవచ్చు. హాస్టల్ సంగతి కూడా రిపోర్టింగ్ రోజునే తేలాలి. ఊరి నుంచి వచ్చే విద్యార్థికి ఫీజు కన్నా గది, మెస్ ముఖ్యం.

కోర్సు మూసేద్దామనే మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. రెగ్యులర్ అధ్యాపకులున్న విభాగాన్ని మూస్తే జీతాలు మిగలవు, ఫీజు మాత్రం పోతుంది. అలాంటి చోట ఏడాది విడిచి ఏడాది ప్రవేశాలు, దగ్గరి కోర్సులతో ఉమ్మడి పేపర్లు పెట్టి చూడాలి. పూర్తిగా పార్ట్‌టైమ్ వాళ్లతో నడుస్తూ వరసగా మూడేళ్లు పదిమంది కూడా చేరని సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సును ఆపడమే మంచిదని నా అభిప్రాయం. అయితే ఆపేది కొత్త ప్రవేశాలనే. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకూ, బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లకూ పరీక్షల ఏర్పాటు, దానికయ్యే ఖర్చు ఆ తీర్మానంలోనే రాయాలి.

వచ్చే ఫైనాన్స్ కమిటీకి అడ్మిషన్ల డైరెక్టరును కూడా పిలవండి. సీట్ల లెక్క కాకుండా, సెప్టెంబరు 30 నాటికి హాజరు పట్టీలో ఉన్న పేర్ల లెక్క తెమ్మనండి. సవరించిన అంచనాలు దాన్నిబట్టే వేద్దాం.