బైక్‌కు ఎక్స్‌ట్రా ట్యాంకు: ట్యాప్ ఎప్పుడు తిప్పాలో తెలిశాకే బిగించండి

(షాట్: స్టాండ్ వేసిన బైక్, వెనక క్యారియర్ మీద అల్యూమినియం ట్యాంకు)

అందరికీ నమస్తే, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. వెనక ఉన్న ఈ ట్యాంకు చూసి ఎంతయింది, ఎక్కడ చేయించావు అని అడిగేవాళ్లే అందరూ. ఇందులో పెట్రోలు మెయిన్ ట్యాంకులోకి ఎప్పుడు వదలాలి అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అసలు విషయం అక్కడే ఉంది.

ముందు ఇది మీకు కావాలో వద్దో చూసుకోండి. నాది హిమాలయన్ 411, ట్యాంకు 15 లీటర్లు, నిదానంగా పోతే లీటరుకు 30 ఇస్తుంది. నల్లగొండ నుంచి శ్రీశైలం పోవడానికి దేవరకొండలో నింపుకుంటే సరిపోతుంది, దానికోసం ట్యాంకు ఎందుకు? మనాలి నుంచి లేహ్ పోయే దారిలో తాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని బోర్డు ఉంటుంది, లగేజీతో ఘాట్ ఎక్కితే మైలేజీ పడిపోతుంది కూడా. అయినా ఆ ఒక్క ట్రిప్పుకే అయితే 5 లీటర్ల ఇనుప క్యాన్లు రెండు చాలు అంటాను. రోజుకు వెయ్యి కిలోమీటర్లు తొక్కేవాళ్లకే ఈ ట్యాంకు పనికొస్తుంది. అమెరికాలో ఐరన్ బట్ ర్యాలీ అని రోజుల తరబడి బైక్ తొక్కే పోటీ ఉంది, అందులో వాళ్లు ఇలాగే ట్యాంకులు కట్టుకుంటారు, మెయిన్ ట్యాంకుతో కలిపి మొత్తం 11.5 గ్యాలన్లు, అంటే సుమారు 43 లీటర్లు దాటొద్దని వాళ్ల రూలు.

(షాట్: రెండు ట్యాంకుల మధ్య పైపు)

పెట్రోలు అటు నుంచి ఇటు రావడానికి దారులు రెండే. సాగర్ ఎడమ కాలువ నీళ్లు మోటారు లేకుండా పల్లానికి వస్తాయి కదా, అదొక పద్ధతి. పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టి ఎత్తిపోస్తారు చూడండి, అది ఇంకో పద్ధతి. ట్యాంకు ఎత్తులో ఉంటే పైపు, ట్యాప్ చాలు. పక్కన కింద కడితే 12 వోల్టుల చిన్న పంపు కావాలి, అది కూడా పెట్రోలు కోసం చేసిందే కావాలి, ఫ్యూజు తప్పనిసరి, స్విచ్ నొక్కి పట్టుకుంటేనే నడిచేది పెట్టండి, వేసి మర్చిపోయే స్విచ్ వద్దే వద్దు.

ఎందుకంటే మర్చిపోతే ఏమవుతుందో నేను చూశాను. మే నెల, నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆగాను, మెయిన్ ట్యాంకు దాదాపు నిండుగానే ఉంది, ట్యాప్ తెరిచే ఉంచాను. తూము తెరిచి వదిలేస్తే మడి మునిగినట్టే, పైనున్న పెట్రోలంతా కిందికి దిగి, మూత దగ్గర గాలి కోసం ఉండే పైపులోంచి కింద కారిపోయింది, పక్కనే వేడి సైలెన్సర్. బండిని తోసుకుంటూ దూరం తీసుకెళ్లేటప్పుడు నా చేతులు వణికాయి.

అప్పటి నుంచి నా లెక్క ఒక్కటే: వెనక ట్యాంకులో ఎంత ఉందో, మెయిన్ ట్యాంకులో అంతకంటే ఎక్కువ ఖాళీ అయ్యాకే ట్యాప్ తిప్పుతాను. వెనక 8 లీటర్లు, లీటరుకు 30, అంటే 240 కిలోమీటర్లు దాటాలి. అప్పుడు మొత్తం దిగినా పొర్లదు. పైపులో ఏదైనా తేడా వచ్చినా మెయిన్‌లో ఇంకో 6, 7 లీటర్లు ఉంటాయి, ఏదో ఒక బంకు చేరొచ్చు.

లావు పైపు కావాలని మెకానిక్కులు అంటారు, వద్దు. గంటకు 80లో పోతే బండి తాగేది నిమిషానికి 45 మిల్లీలీటర్ల లోపే, సగం చాయ్ గ్లాసు. 6 ఎం.ఎం. పైపు చాలు, కానీ ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి దాన్ని తట్టుకునే ఫ్యూయల్ పైపే అడిగి కొనండి, మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజక్షన్ బండి (కార్బురేటర్ లేనిది) అయితే బండి సొంత పెట్రోలు పంపు నుంచి ఇంజన్‌కు పోయే పైపును కోసి మధ్యలో కలపొద్దు, అందులో దాదాపు 3 బార్ల ఒత్తిడి ఉంటుంది, టైర్లో గాలి కంటే ఎక్కువ. మెయిన్ ట్యాంకు అడుగున వేరే పోర్టు, అంటే పైపు బిగించే రంధ్రం, పెట్టించుకోవాలి.

పోర్టుకి వెల్డింగ్ అన్నారంటే అక్కడ ఆగండి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అనుకోకండి, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది. బాగా కడిగి, ఆరబెట్టి, నీళ్లు నింపాకే మంట పెట్టే, ఈ పని తెలిసిన మనిషికే ఇవ్వండి.

ఇంకోటి, నిండా కొట్టించొద్దు. బంకు భూమిలోంచి చల్లగా వచ్చిన 10 లీటర్లు మన 45 డిగ్రీల ఎండకు పావు లీటరు దాకా పెరుగుతాయి, ఆ చోటు వదలాలి.

చట్టం సంగతి. బండి తయారీలో లేని మార్పు చేస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది, 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ఆర్టీవో ఆఫీసులో అడిగాకే చెయ్యండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి.

(షాట్: ట్రిప్ మీటర్ క్లోజప్, 251)

ఇదిగో, 251 అయింది. ఇప్పుడు తిప్పుతున్నాను, పైపులో పెట్రోలు దిగడం చూడండి.