ఇంటి నుంచి పశువుల కొట్టానికి కరెంటు లైను: ఏడాది వాడాక నా రివ్యూ

నమస్కారం. నేను ఇప్పుడు మా పశువుల కొట్టంలో నిలబడి ఉన్నాను. నా వెనక రెండు గేదెలు, వాటి పక్కన గడ్డి కోసే చాఫ్ కట్టర్, ఆ గోడకు బూడిద రంగు డీబీ పెట్టె, అంటే కరెంటు పంచే స్విచ్‌ల పెట్టె. ఇంటి మీటరు నుంచి ఈ పెట్టె దాకా టేపు పెట్టి కొలిస్తే 45 మీటర్లు. ఈ 45 మీటర్ల సబ్ మెయిన్ లైను వేసి ఏడాది దాటింది. కేబుల్, పెట్టె, ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి లీకైతే తనంతట పడిపోయే స్విచ్), ఎర్త్ గుంత ఎలా నిలబడ్డాయో ఈరోజు విప్పి చూపిస్తాను. కంపెనీల పేర్లు చెప్పను. ఐఎస్ఐ గుర్తు ఉన్న ఏ సరుకుకైనా ఈ మాటలు సరిపోతాయి.

ముందు పాత కథ చెప్పాలి. ఇదివరకు వంటింటి ప్లగ్గు నుంచి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు బయలుదేరి, కిటికీలోంచి వచ్చి, వేపచెట్టు కొమ్మ మీదుగా కొట్టంలోకి దిగేది. మీ ఇళ్లలోనూ ఇలాంటిది ఉండే ఉంటుంది, నవ్వకండి. బల్బులకు సరిపోయింది. రెండు హార్స్‌పవర్ చాఫ్ కట్టర్ వచ్చాక దాని బండారం బయటపడింది. స్విచ్ వేయగానే మోటారు మూలిగేది, బల్బులు ఎర్రబడేవి, ఒక్కోసారి చక్రం తిరగకుండానే ఆగిపోయేది.

కారణం చిన్న లెక్క. ఆ రాగి వైరు నిరోధం కిలోమీటరుకు 12 ఓములు. పోయే దారి, వచ్చే దారి కలిపి 90 మీటర్లు, అంటే సుమారు 1.1 ఓము. మోటారు నడుస్తున్నప్పుడు 11 ఆంపియర్లు తీసుకుంటే 12 వోల్టులు దారిలోనే పోతాయి. మొదలయ్యే క్షణంలో మోటారు దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది, అప్పుడు 50 వోల్టుల పైన గల్లంతు. 225 వోల్టులు ఇంట్లో ఉంటే కొట్టంలో 175 కూడా ఉండదు. మోటారు తయారుచేసినవాడిని ఏడాది పాటు తిట్టుకున్నాను, పాపం.

ఇప్పుడు కొత్త లైనుకు వోల్టుమీటరు పెడుతున్నాను, దగ్గరగా చూడండి. 224. స్విచ్ వేస్తున్నాను... 211కి పడింది, వెంటనే 221 దగ్గర నిలబడింది. వైరింగ్ ప్రమాణాల్లో దీపాలకు 3 శాతం, మిగతా వాటికి 5 శాతం కంటే ఎక్కువ వోల్టేజీ దారిలో పోకూడదంటారు. 3 వోల్టులంటే ఒకటిన్నర శాతం కూడా కాదు. ఇది 3 కోర్, 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్, అంటే లోపల మూడు తీగలు, పైన ఇనుప తీగల కవచం ఉన్నది. నిరోధం కిలోమీటరుకు 3.08 ఓములు, 6 స్క్వేర్ ఎంఎం రాగికి కూడా సరిగ్గా అంతే. మా దుకాణంలో ఈ రెంటి ధరలు అడిగితే అల్యూమినియం దాదాపు సగానికే వచ్చింది. కేబుల్‌కు నా మార్కులు 5కి 4.

ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో పెట్టె విప్పితే తెలుస్తుంది. మెయిన్ ఆపాను, టెస్టర్‌తో రెండుసార్లు చూసుకున్నాను. ఇదిగో, ఈ న్యూట్రల్ బిగింపు దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగింది, గోటితో గీస్తే పొడి రాలుతోంది. మొదట పని చేసినాయన అల్యూమినియం తీగలు మెలిపెట్టి నేరుగా స్క్రూ కింద దూర్చేశాడు. అల్యూమినియం మెత్తటి లోహం, బిగించిన చోట మెల్లగా ఒదిగిపోతుంది. గాలి తగిలితే పైన పొర కడుతుంది. రాగితో కలిసిన చోట చెమ్మ చేరితే తినేస్తుంది. అతుకు వదులై వేడెక్కి, ఇదిగో ఇలా అవుతుంది. తరవాత వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి ఈ బైమెటల్ లగ్గులు (ఒకవైపు అల్యూమినియం, ఒకవైపు రాగి ఉండే తీగ చివరి తొడుగులు) పేస్టు రాసి మిషన్‌తో నొక్కారు, అప్పటి నుంచి చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంటోంది. కేబుల్ డబ్బు ఆదా చేసుకున్నవాళ్లు లగ్గుల దగ్గర పిసినారితనం చూపకూడదు.

పెట్టెకు 5కి 2. వాన నీరు రాదు, బాగుంది. కానీ కింద కేబుల్ దిగే రంధ్రం గ్లాండ్ (కేబుల్‌ను పెట్టెకు పట్టి ఉంచే బిగింపు) కంటే పెద్దది, ఆ సందులోంచి బల్లి దూరింది. లోపల కరెంటు పంచే లోహపు పట్టీ, అదే బస్‌బార్, దాని మీద బల్లి అస్థిపంజరం దొరికిందని చెబితే చాలు, చూపించను. ఇప్పుడు ఇత్తడి గ్లాండ్ సరైన కొలతది వేశాం. గ్లాండ్ కేబుల్ ఊడకుండా పట్టుకోవడానికే అనుకునేవాణ్ణి. పైనున్న ఇనుప తీగల కవచాన్ని ఎర్త్‌కు కలిపేది కూడా అదే.

తవ్వకం గురించి ఎక్కువ చెప్పను. 75 సెంటీమీటర్ల లోతు, కింద ఇసుక, కేబుల్, మళ్లీ ఇసుక, పైన వరసగా ఇటుకలు. రేపు ఎవరైనా గునపం దింపితే ముందు ఇటుక తగలాలి. పూడ్చే ముందు గోడ నుంచి దూరం కనిపించేలా టేపు పెట్టి ఫోటోలు తీశాను. చేయని పని ఒకటుంది: అదే కందకంలో ఖాళీ పైపు వేయలేదు. ఇప్పుడు కెమెరా వైరు కోసం మళ్లీ తవ్వాలి.

ఇక అసలు విషయం. అందరూ కేబుల్ సైజు గురించే అడుగుతారు. ఏడాది తరవాత నేను చెప్పేది, ప్రాణం కాపాడేది కేబుల్‌కు రెండు చివర్లా ఉన్నవే. షార్ట్ అయితే ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడే స్విచ్) పడిపోతుంది కదా అన్నది మన అందరి ధైర్యం. మా కొట్టం ఎర్త్ గుంతను మొదట కొలిస్తే 12 ఓములు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌కు మరో 4 అనుకోండి. మోటారు బాడీకి ఫేజు తగిలితే 230ని 16తో భాగించండి, 14 ఆంపియర్లు. ఈ లైనుకు నేను పెట్టింది 25 ఆంపియర్ల ఎంసీబీ. అది ఎప్పటికీ పడదు. మోటారు బాడీ మీద మాత్రం 170 వోల్టులు నిలబడి ఉంటాయి. గేదె అక్కడే ఒళ్లు రుద్దుకుంటుంది.

అందుకే ఆర్‌సీసీబీ. ఇంటి దగ్గర లైను మొదట్లో 100 మిల్లీఆంపియర్ల ఎస్ రకం, ఇక్కడ కొట్టంలో 30 మిల్లీఆంపియర్లది. ఎంత కరెంటు లీకైతే పడాలో చెప్పే అంకె అది. ఎస్ రకం కొద్దిగా ఆగి పడుతుంది, అందువల్ల కొట్టంలో లోపం వస్తే ముందు కొట్టంలోదే పడుతుంది. రెండు చోట్లా 30 పెడితే ఏది ముందు పడుతుందో దేవుడికే ఎరుక. మరో సంగతి, ఈ లైను ఇంటి లోపలి వైరింగ్‌కు ఉన్న ఆర్‌సీసీబీ తరవాత నుంచి కాక, మీటరు పక్క మెయిన్ స్విచ్ నుంచి విడిగా తీశాం. ఎస్ రకం కోసం మూడు దుకాణాలు తిరిగాను, రెండు చోట్ల ఆ పేరే వినలేదన్నారు. దొరికినదానికి 5కి 5.

మొదటి రోజు ఏం జరిగిందో వినండి. కొట్టం ఆర్‌సీసీబీ పైకి లేపగానే టక్కున పడింది. మళ్లీ లేపాను, మళ్లీ పడింది. “ఈ ముక్క మంచిది కాదండీ, తీసేసి డైరెక్టు ఇచ్చేద్దాం” అన్నాడు ఆ మొదటి ఆయన. నేను ఒప్పుకోలేదు. ఒక్కో బల్బూ విప్పుకుంటూ వెళితే తొట్టి మీది బల్బు దగ్గర దొరికింది. ఎప్పుడో ఎవరో దానికి ఫేజు ఒక్కటే లాగి, న్యూట్రల్‌కు బదులు నేలలో దిగేసిన ఇనుప రాడ్డుకు వైరు చుట్టేశారు. బల్బు వెలుగుతోంది, ఎవరికీ అనుమానం రాలేదు. కరెంటు మాత్రం ఏళ్ల తరబడి కొట్టం నేలలోకి పోతూనే ఉంది.

పెద్ద గేదె సాయంత్రం తొట్టిలో మూతి పెట్టి ఉలిక్కిపడి వెనక్కి లాక్కునేది. నీళ్లు బాగాలేవని నాన్న రోజూ తొట్టి కడిగేవారు. ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ, గిట్టలు తడి నేల మీద, మూతి నీళ్లలో. మనకు తెలియని కొద్దిపాటి వోల్టేజీ కూడా పశువుకు తెలుస్తుంది. ఆ రాడ్డు తీసేశాక గేదె తొట్టి దగ్గర తడబడటం నేను చూడలేదు. తరవాత తొట్టి పైపు, కట్టుగొయ్యల ఇనుము, మోటారు బాడీ అన్నీ ఒకే ఎర్త్ పట్టీకి కలిపాం. కేబుల్‌లో మూడో కోర్ ఇంటి ఎర్త్‌ను ఇక్కడికి తెస్తుంది, కొట్టం గుంత కూడా దానికే కలుస్తుంది. న్యూట్రల్‌ను మాత్రం ఇక్కడ ఎర్త్‌తో కలపకూడదు. కలిపితే మళ్లీ ఆ బల్బు కథే.

పొలం మోటారు లైను నుంచి తీసుకోవచ్చు కదా, బిల్లు రాదు కదా అని అడగబోయేవారికి: ఆ ఉచిత కరెంటు వ్యవసాయ పంపుసెట్లకు ఇచ్చింది. అలా వాడటం అక్రమం. కొట్టంలో దుకాణం పెడితే గృహ వినియోగం కిందికి రాదు, ఎల్‌టీ-2 అనే వాణిజ్య కేటగిరీ కింద వేరే మీటరు తీసుకోవాలి. లోడు పెరిగితే మంజూరైన లోడు కూడా పెంచుకోండి. పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. గుంత ఎన్ని ఓములో మీటరుతో కొలిచి చూపించమనండి, ఉప్పు, బొగ్గు పోశాం అంటే సరిపోదు.

నెలకోసారి నేను ఒక పని చేస్తాను, ఇప్పుడే చేసి చూపిస్తాను. ఇది ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్. లోపలి యంత్రాంగం పనిచేస్తోందో లేదో ఇది చెబుతుంది, ఎర్త్ సంగతి చెప్పదు, అది విడిగా కొలవాలి. నొక్కుతున్నాను. టక్. కొట్టంలో లైట్లన్నీ పోయాయి, చిన్న గేదె తల తిప్పి నా వైపు చూస్తోంది. వినబడుతోందా? ఇంట్లో నాన్న టీవీ వార్తలు ఇంకా వస్తూనే ఉన్నాయి.