సంతకాలు ఆగిపోయిన చోట

సభకు నమస్కారం.

స్వీడన్ కంపెనీ బోఫోర్స్ నుంచి ఫిరంగులు కొనడంలో ముడుపులు ముట్టాయన్న ఆరోపణ మీద సీబీఐ ఎఫ్‌ఐఆర్ నమోదు చేసింది 1990 జనవరి 22న. అప్పటికి లోక్‌సభ ఎన్నికలు అయిపోయి రెండు నెలలు. 1984లో నాలుగు వందలకు పైగా సీట్లు గెలిచిన కాంగ్రెస్ 1989 నవంబరులో 197 దగ్గర ఆగిపోయింది. కేసు పుట్టకముందే పార్టీ ఓడిపోయిందన్నమాట. 2జీ, అంటే మొబైల్ ఫోన్ లైసెన్సుల పంపిణీ కేసులో ఇదే తిరగబడింది. ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది 2017 డిసెంబరు 21న. ఆ కేసు నీడలో కాంగ్రెస్ 206 నుంచి 44కు పడిపోయింది 2014లో. ధరలు, మందగించిన ఆర్థిక వ్యవస్థ కూడా ఆ ఓటమిలో ఉన్నాయి, నేను కాదనను. అయినా ఒక చోట కేసు కంటే ముందు, ఇంకో చోట తీర్పు కంటే ముందు ఓటరు తన పని ముగించేశాడు. మరి ఓటరు దేన్ని చూసి తీర్పు చెప్పాడు? ఈ సాయంత్రం నా మాటలన్నీ దాని చుట్టూనే.

నా ఉద్దేశంలో ఓటరు చూసింది ఆరోపణను కాదు, సర్కారు చెప్పిన జవాబులను. మొదటి జవాబుకీ రెండో జవాబుకీ పొంతన ఉందా లేదా అన్నదాన్ని.

బోఫోర్స్ వరస చూడండి. 1986 మార్చి 24న 155 ఎంఎం ఫిరంగులు 410 కొనడానికి 1,437 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. దళారులు ఉండకూడదన్నది ప్రభుత్వం పెట్టిన షరతు. 1987 ఏప్రిల్ 16న స్వీడిష్ రేడియో ముడుపులు ముట్టాయని ప్రకటించింది. ఢిల్లీ నుంచి వచ్చిన మొదటి జవాబు: దళారులు లేరు, ముడుపులు లేవు. కొద్ది వారాలకే స్వీడన్ ఆడిట్ సంస్థ నివేదిక వచ్చింది, చెల్లింపులు జరిగాయని తేల్చింది. దాంతో మొదటి జవాబు నిలవలేదు. 'ముడుపులు లేవు' అన్నవాళ్లు 'అవి ముడుపులు కావు, వేరే ఖర్చులు' అనాల్సి వచ్చింది. కాంగ్రెస్ నేత శంకరానంద్ అధ్యక్షతన జేపీసీ, అంటే సంయుక్త పార్లమెంటరీ సంఘం వేశారు, ప్రతిపక్షం అందులో కూర్చోలేదు. ప్రతిపక్షం లేని జేపీసీ ఇచ్చే క్లీన్‌చిట్‌కు బయట విలువ ఉండదు, ఉండలేదు కూడా. 1988 ఆగస్టులో పరువు నష్టం బిల్లు తెచ్చి లోక్‌సభలో గట్టెక్కించారు. దేశమంతటా పత్రికలవాళ్లు రోడ్డెక్కేసరికి సెప్టెంబరులో వెనక్కి తీసుకున్నారు. ఆ బిల్లు చేసిన నష్టం ఫిరంగులు చేసినదానికి తక్కువేమీ కాదు. దాచడానికి ఏమీ లేనివాడు పత్రికల నోరు ఎందుకు నొక్కుతాడన్న ప్రశ్న ఊరూరా పుట్టింది. 1989 జులైలో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక రాగానే లోక్‌సభలోని ప్రతిపక్ష సభ్యుల్లో చాలామంది మూకుమ్మడిగా రాజీనామా చేశారు.

ఇంత జరిగాక కోర్టులో మిగిలిందేమిటంటే, 2004 ఫిబ్రవరి 4న ఢిల్లీ హైకోర్టు ఒప్పందం నాటి ప్రధాని రాజీవ్ గాంధీ మీద లంచం అభియోగాన్ని కొట్టేసింది. అప్పటికి ఆయన చనిపోయి పన్నెండేళ్లు దాటింది.

ఇక 2జీకి వద్దాం. ఇక్కడ అందరం పొరబడేది అంకెల దగ్గర. ఈ కేసులో మూడు అంకెలున్నాయి, మూడూ మూడు వేర్వేరు విషయాలు. కాగ్ 2010 నవంబరులో చెప్పింది ఊహాత్మక నష్టం: వేలం వేసి ఉంటే ఎంత వచ్చేదో లెక్క కట్టి, అసలు వచ్చినదాన్ని అందులోంచి తీసేయడం. ఏ ధరను కొలబద్దగా తీసుకుంటే ఆ నష్టం వస్తుంది కాబట్టి కాగ్ ఒకే అంకె ఇవ్వలేదు. 57,666 కోట్ల నుంచి 1,76,645 కోట్ల దాకా వేర్వేరు లెక్కలు ఇచ్చింది. జనం నోట పడింది అన్నిటికంటే పెద్దది. రెండోది సీబీఐ ఛార్జిషీటులోని నష్టం, సుమారు 30,984 కోట్లు. మూడోది లంచంగా చేతులు మారిందని ఆరోపించిన సొమ్ము, ఒక టీవీ చానల్‌కు వెళ్లిన 200 కోట్లు. ఖజానాకు రాకుండా పోయిందని లెక్కేసిన డబ్బు ఒకటి, ఎవరి జేబులోకో వెళ్లిందనే డబ్బు ఇంకొకటి. '1.76 లక్షల కోట్లు తినేశారు' అన్న మాట ఈ రెంటినీ కలిపి కుట్టేసింది. పేపర్లో ఏ కుంభకోణం అంకె చూసినా మొదట అడగాల్సింది ఇదే: ఇది నష్టమా, లంచమా, లేక ఒప్పందం మొత్తం విలువా?

అంకె తప్పు పట్టినంత మాత్రాన జరిగింది మంచిపని అయిపోదు. 2008 జనవరి 10 మధ్యాహ్నం టెలికాం శాఖలో జరిగింది దగ్గరగా చూడండి. 2:45కు ఒక పత్రికా ప్రకటన బయటికొచ్చింది. దరఖాస్తుదారులు సంచార్ భవన్‌కు వచ్చి 3:30 నుంచి 4:30 లోపు అనుమతి పత్రాలు తీసుకోవాలి. ముందుగా షరతులు నెరవేర్చినవాళ్లకు వరసలో ముందు చోటు. పాన్ ఇండియా లైసెన్సు ప్రవేశ రుసుము 1,658 కోట్లు, అదీ 2001 నాటి ధర. ముక్కాలు గంట వ్యవధిలో కబురందుకుని, వందల కోట్ల డీడీలు, బ్యాంకు గ్యారంటీలు పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడగలిగింది ఎవరు? ముందే తెలిసినవాళ్లు. అంతకుముందు, అక్టోబరు 1 దాకా దరఖాస్తులు తీసుకుంటామని ప్రకటించి, తర్వాత గడువును సెప్టెంబరు 25కు వెనక్కి జరిపారు.

2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఈ పద్ధతి నిరంకుశమనీ రాజ్యాంగ విరుద్ధమనీ చెప్పి 122 లైసెన్సులూ రద్దు చేసింది. దాదాపు ఆరేళ్ల తర్వాత ప్రత్యేక కోర్టు అందరినీ వదిలేసింది. ఈ రెండూ ఎలా పొసుగుతాయని చాలామంది అడుగుతారు. పొసుగుతాయి. సర్కారు నిర్ణయాన్ని సవాలు చేసే రిట్ పిటిషన్‌లో తేల్చాల్సింది నిర్ణయం న్యాయంగా జరిగిందా లేదా అన్నది. క్రిమినల్ కేసులో తేల్చాల్సింది ఫలానా వ్యక్తి, ఫలానా దురుద్దేశంతో, ఫలానా లాభం కోసం చేశాడా అన్నది. అదీ అనుమానానికి తావు లేకుండా. పద్ధతి తప్పని రుజువైతే లైసెన్సు పోతుంది. మనిషి జైలుకు వెళ్లాలంటే డబ్బు దారి దొరకాలి, ఆ దారికీ ఫైలు మీది సంతకానికీ ముడి పడాలి.

ఇందులో పార్టీ చేజేతులా చేసుకున్నదేమిటి? 2007-08 నాటి ఈ పంపిణీ మీద 2009 ఎన్నికల నాటికే గుసగుసలున్నాయి. అయినా కూటమి గెలిచింది, కాంగ్రెస్‌కు 206 సీట్లొచ్చాయి. దెబ్బ తగిలింది 2010 శీతాకాలంలో. ప్రతిపక్షం జేపీసీ అడిగింది, సర్కారు ససేమిరా అంది. ఆ సమావేశాలు దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయాయి. రెండు నెలలు తిరిగేసరికి అదే జేపీసీకి ఒప్పుకుంది. ఇవ్వబోయేదాన్ని ముందే ఇచ్చి ఉంటే సభ నడిచేది, పేరూ మిగిలేది. ఆ మధ్యలో, 2011 జనవరి 7న, కొత్త టెలికాం మంత్రి నష్టం సున్నా అన్నారు. నెల తిరక్కుండానే, ఫిబ్రవరి 2న, డీఎంకేకు చెందిన పాత మంత్రి రాజాను సీబీఐ అరెస్టు చేసింది. సున్నా నష్టానికి అరెస్టు ఎందుకని సామాన్యుడు అడిగితే చెప్పడానికి ఏ కార్యకర్త దగ్గరా సమాధానం లేదు. గడప గడపకూ తిరిగేవాడికి జవాబు లేకుండా చేయడం ఒక పార్టీకి అన్నిటికంటే పెద్ద నష్టం.

సంకీర్ణం సంగతి వేరే చెప్పక్కర్లేదు. 18 మంది ఎంపీలున్న డీఎంకే మంత్రిని కదిలిస్తే సర్కారు కదులుతుంది. కదిలించకపోతే పరువు పోతుంది. రాజా రాజీనామా చేసింది 2010 నవంబరు 14న, ఎఫ్‌ఐఆర్ పడిన ఏడాది దాటాక.

ఆరోపణల దెబ్బ అధికార యంత్రాంగానికి కూడా తగులుతుంది, ఇది బయటికి కనపడదు. అవినీతి నిరోధక చట్టంలో అప్పట్లో 13(1)(డి) అనే నిబంధన ఉండేది. ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా ఆర్థిక లాభం కలిగిస్తే చాలు, అధికారి పైసా ముట్టుకోకపోయినా నేరమే. దాంతో కార్యదర్శులు ఫైలు మీద 'చర్చించండి' అని రాసి కిందికి పంపడం, న్యాయశాఖ అభిప్రాయం కోసం తిప్పడం, కమిటీకి నెట్టడం మొదలెట్టారు. సంతకం పెట్టకపోతే ఏ కేసూ రాదు కదా. 2018 సవరణలో ఆ నిబంధన తీసేశారు. బదులుగా 17ఏ వచ్చింది: అధికారిక నిర్ణయం మీద విచారణ మొదలెట్టాలంటేనే ముందస్తు అనుమతి కావాలి, అందుకు మూడు నెలలు, కావాలంటే ఇంకో నెల గడువు. ఛార్జిషీటు తర్వాత సెక్షన్ 19 కింద ప్రాసిక్యూషన్ అనుమతి మళ్లీ వేరు. నిజాయితీ గల అధికారికి రక్షణ కావాలన్నది ఒప్పుకుంటాను. కానీ మంత్రి మీద దర్యాప్తుకు ఆ మంత్రి కూర్చునే ప్రభుత్వమే తలుపు తెరవాలంటే, తెరుచుకునేది ప్రభుత్వం మారాకే. అందుకే మన దగ్గర చాలా కేసులు ఎన్నికల తర్వాత పుడతాయి, పుట్టగానే 'కక్షసాధింపు' అనే పేరు పెట్టించుకుంటాయి. ఈ 17ఏ ఎప్పటి నేరాలకు వర్తిస్తుందన్న దాని మీద 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులే చెరొక మాట చెప్పారు.

చిన్న ఉద్యోగి కేసుతో పోల్చి చూడండి. ఏసీబీ వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసి, నంబర్లు రాసుకుని, ఇద్దరు మధ్యవర్తుల ముందు ఫిర్యాదుదారు చేతికిస్తారు. డబ్బు తీసుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు సీసాలో పోసి సీలు వేసి ల్యాబ్‌కు పంపుతారు. ఇలా పట్టుబడినచోట 17ఏ అనుమతి అక్కర్లేదు. వీఆర్వో వేళ్లు రంగు మారతాయి. మంత్రి వేళ్లు నోటును తాకవు. ఆయన కేసంతా నోట్‌ఫైలు, బ్యాంకు ఖాతాలు, అప్రూవర్లు, అంటే సాక్షులుగా మారిన నిందితులు. ఏళ్లు గడిచేకొద్దీ సాక్షులు ఎదురు తిరుగుతారు, విదేశీ బ్యాంకుల జవాబులు రావు, దర్యాప్తు అధికారి బదిలీ అవుతాడు. రెండేళ్లలో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసుకున్నాం. రాసుకోవడం వరకే.

ప్రతి ఆరోపణా పార్టీని ముంచదు. పశువుల దాణా కేసులో ఛార్జిషీటు పడ్డాక బీహార్ ముఖ్యమంత్రి లాలూ ప్రసాద్ 1997 జులైలో కుర్చీ దిగి భార్య రబ్రీదేవిని కూర్చోబెట్టారు. ఆ పార్టీ 2005 దాకా పాలించింది, ఆయనకు శిక్ష పడింది 2013లో. తమ మనిషి కాబట్టే వేటాడుతున్నారని ఓటరు నమ్మితే ఆరోపణ కవచమవుతుంది. జయలలిత ఆస్తుల కేసు ఇంకా చిత్రం. 2014 సెప్టెంబరులో ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేసింది. 2015 మేలో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, ఆదాయం కంటే ఆస్తులు 8.12 శాతమే ఎక్కువ అంది. ఆ తీర్పులో పది అప్పుల పట్టిక ఉంది. మొత్తం 24.17 కోట్లని వేశారు. కూడి చూస్తే 10.67 కోట్లే. పదమూడున్నర కోట్ల కూడిక తప్పు! సరిచేస్తే ఆ శాతం 76 దాటుతుంది. సుప్రీంకోర్టు సహనిందితులకు పాత శిక్షను నిలబెట్టేసరికి 2017 ఫిబ్రవరి. ఈలోపు 2016లో ఆమె పార్టీ మళ్లీ గెలిచింది, ఆమె కన్నుమూశారు కూడా.

స్పెయిన్‌లో తీర్పూ రాజకీయమూ ఒకదాన్ని ఒకటి అందుకున్నాయి. 2018 మే 24న గుర్టెల్ అనే ముడుపుల కేసులో కోర్టు పాలక పీపుల్స్ పార్టీనే లబ్ధిదారుగా తేల్చి 2,45,000 యూరోలకు పైగా కట్టమంది. మొత్తం చిన్నదే, కానీ దోషం ఇన్నాళ్లూ చెప్పినట్టు 'కొందరు వ్యక్తుల'ది కాదు, పార్టీకీ అంటింది. జూన్ 1న పార్లమెంటు 180 ఓట్లతో ప్రధాని రహోయ్‌ను దింపేసింది. తీర్పుకూ దిగిపోవడానికీ మధ్య ఎనిమిది రోజులే.

మనకు ఎనిమిది రోజులు రావాలంటే కేసు కోర్టులో నిలబడాలి. మళ్లీ 2జీ తీర్పులోకే వెళ్దాం. ఏడేళ్లపాటు, వేసవి సెలవులతో సహా, ప్రతి పనిరోజూ ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా చెల్లుబాటయ్యే సాక్ష్యంతో ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూశానని, ఒక్కరూ రాలేదని జడ్జి సైనీ రాశారు. ప్రాసిక్యూషన్ మొదట ఉత్సాహంగా వచ్చిందనీ, చివరికి దిక్కు తోచకుండా పోయిందనీ రాశారు. చివర్లో రాతపూర్వక వాదనలు దాఖలు చేయాల్సి వచ్చినప్పుడు వాటి కింద సంతకం పెట్టడానికి పెద్ద ప్రాసిక్యూటర్లు ముందుకు రాలేదు. ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. కోర్టులో డ్యూటీలో ఉన్న ఒక ఇన్‌స్పెక్టర్ చేత సంతకం పెట్టించారు. దేశాన్ని ఊపేసిన కేసు వాదన కింద ఉన్న సంతకం అది. 2014 అయిపోయింది, పార్టీ దిగిపోయింది. ఆ కాగితం కింద ఎవరి పేరుందో అడిగేవాళ్లు అప్పటికి కోర్టు బయట ఎవరూ లేరు.

సీబీఐ అప్పీలును విచారణకు తీసుకోవడానికి ఢిల్లీ హైకోర్టు ఒప్పుకుంది 2024 మార్చిలో. లైసెన్సులు పంచిన ఆ మధ్యాహ్నానికి పదహారేళ్లు దాటాక.