చింతపిక్కలతో సమావేశం
(విజయనగరంలో మహిళా సంఘాల శిక్షకుల ఎదుట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున ఈ హాలులోకి రాగానే నా కళ్లు కుర్చీల మీద పడ్డాయి. వరసగా వేశారు. ముందు వరస ఖాళీగా ఉంది, వెనక వరసలో చోటు లేదు. టీ విరామంలో వీటిని గుండ్రంగా వేయించమని కోరాను. గుండ్రంగా కూర్చుంటే వెనక వరస అనేదే ఉండదు, దాక్కోవడానికి చోటూ ఉండదు.

సమావేశాల్లో ఆటలు అనగానే మనకు బంతి విసరడం, పేరుతో పాటు ఒక పండు పేరు చెప్పించడం గుర్తొస్తాయి. నేనూ చేయించాను. పలాస దగ్గర ఒక ఊళ్లో, పగలంతా జీడిపిక్కలు ఒలిచి వచ్చిన ఆడవాళ్ల చేత ఈ పండ్ల ఆట మొదలుపెట్టాను. ఒక పెద్దావిడ కాసేపు చూసి, "బాబూ, మేమంతా ఒకే వీధివాళ్లం. ఇక్కడ పేరు తెలియనిది నీదొక్కటే" అంది. బంతి సంచిలో పెట్టేశాను.

ఆ సంఘంలో పరిచయాలకు లోటు లేదు. లోటల్లా మాట్లాడే వంతుకే. ఇద్దరు మాట్లాడేవారు, మిగతావారు తలలూపేవారు. లోను దేనికని అడిగితే ఆ ఇద్దరూ గేదెలకన్నారు, అందరూ సరేనన్నారు. మర్నాడు నేల మీద ముగ్గుతో ఐదు బొమ్మలు వేయించాను: గేదె, పలక, మందు సీసా, ఇంటి కప్పు, పాత అప్పుకు గుర్తుగా ఒక పుస్తకం. మనిషికి పది చింతపిక్కలు ఇచ్చి, అవసరాన్ని బట్టి బొమ్మల మీద పెట్టమన్నాను. తప్పు చేశాను. మొదటి ఆవిడ గేదె మీద పెట్టింది, వెనకే అందరి చేతులూ గేదె మీదకే వెళ్లాయి. రెండోసారి బొమ్మ పక్కన మూతకు కన్నం పెట్టిన డబ్బాలు ఉంచి, ఒక్కొక్కరినే పంపాను. డబ్బాలు విప్పితే పాత అప్పు డబ్బాలోనే ఎక్కువ పిక్కలు ఉన్నాయి. ఆ మాట అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు, అనడానికి సిగ్గు.

ఈ పద్ధతి నా సొంతం కాదు. నేల మీద బొమ్మలు గీయించి, గింజలతో లెక్క కట్టించి ఊరివాళ్ల చేతే ఊరి సంగతి చెప్పించే పద్ధతులను రాబర్ట్ చాంబర్స్ వంటివారు ప్రపంచమంతటా ప్రచారం చేశారు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో పేదరికం తగ్గించడానికి తెచ్చిన వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఆ రోజుల నుంచి పనిచేస్తున్న అక్కలు ఇక్కడ ఉంటే, ముగ్గుతో ఊరి పటం వేయడం వారికి నేను నేర్పేదేమీ లేదు.

ఆఫీసు సమావేశాల్లోనూ ఇదే జబ్బు. "అందరూ ఆలోచనలు చెప్పండి" అంటాం. ఈ మేధోమథనానికి పేరు తెచ్చినవాడు అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్బోర్న్. గుంపుగా ఆలోచిస్తే ఎక్కువ ఆలోచనలు వస్తాయని ఆయన నమ్మకం. 1958లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి చూశారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికంటే, విడివిడిగా ఆలోచించిన మరో నలుగురివి కలిపితేనే ఎక్కువ తేలాయి. 1987లో డీల్, స్ట్రోబె అనే ఇద్దరు కారణం వెతికారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి, ఆగేలోపు మనసులో ఉన్నది జారిపోతుంది. ముఖ్యంగా ఇదే కారణమన్నారు. అధ్యక్షులవారు మాట్లాడుతుంటే ఇంకెంత జారిపోతుందో మీకే తెలుసు!

అందుకే నేను ముందు రాయిస్తాను. రెండు నిమిషాలు ఎవరికి వారు, తర్వాత పక్కవారితో జతగా, ఆపై నలుగురిగా, చివరికి అందరూ. రాయడం రానివారు బొమ్మ వేస్తారు, లేదా జతలో చెబుతారు. నలభై మంది ముందు నోరు విప్పని మనిషి పక్కావిడతో గలగలా మాట్లాడుతుంది. జత మాట నలుగురి దగ్గరకు వచ్చేసరికి అది ఒక్కరి మాటగా మిగలదు, కనుక భయమూ తగ్గుతుంది. అధ్యక్షులకు, కార్యదర్శులకు మాత్రం ఒక షరతు: అందరి తర్వాతే మాట్లాడాలి. ఆటలన్నిటిలో ఇదే కష్టమైనది. నాకు కూడా.

ఒకటి మరిచాను. డబ్బాలు విప్పాక చప్పట్లు కొట్టించి పంపేస్తే పిక్కలు పిక్కలుగానే మిగులుతాయి. ఆ ఊళ్లో పిక్కల ఆట అరగంటలో అయిపోయింది, పాత అప్పు గురించి మాటలు చీకటి పడేదాకా సాగాయి. అందుకే గంట ఆటకు గంట మాటలు వదలండి. సమయం చాలకపోతే ఆటే కుదించండి.

ఇప్పుడు మీ కుర్చీల కింద తెల్లకాగితాలు ఉన్నాయి, తీయండి. మీ సంఘంలో ఆరు నెలలుగా నోరు విప్పని ఒక మనిషిని తలుచుకోండి. ఆమెను ఏమి అడుగుతారో రాయండి. రెండు నిమిషాలు. నేను మాట్లాడను.