కారుకు ఛార్జింగ్ పెట్టాల్సింది రాత్రేనా?

శ్రోతలకు నమస్కారం. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకు అందరూ చెప్పే సలహా ఒకటుంది: పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టండి, రాత్రి కరెంటు చవక అని. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు అది సరిపోతుంది. అక్కడ పీజీ అండ్ ఈ అనే విద్యుత్ సంస్థ ఎలక్ట్రిక్ కారున్న ఇళ్లకిచ్చే ఒక ప్లానులో అర్ధరాత్రి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా ధర తక్కువ, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా బాగా ఎక్కువ.

మన దేశంలో లెక్క వేరు. కేంద్రం 2023 జూన్‌లో సవరించిన నిబంధనల ప్రకారం, స్మార్ట్ మీటరు, అంటే ఏ వేళకెంత వాడారో నమోదు చేసే మీటరున్న ఇళ్లకు ఎండ ఉండే ఎనిమిది గంటలు యూనిట్ ధర కనీసం 20 శాతం తగ్గాలి. వాడకం పెరిగే వేళ కనీసం 10 శాతం పెరగాలి. ఆ గంటలేవో రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. పగలు దండిగా వచ్చే సోలార్ కరెంటు పొద్దుగూకేసరికి ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు మొదలవుతాయి. తేడా అందుకే. అర్ధరాత్రికి మాత్రం ఈ నిబంధనల్లో తగ్గింపు లేదు.

లెక్క కోసం యూనిట్ ఎనిమిది రూపాయలనుకుందాం. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే కారుకు సుమారు ఏడు యూనిట్లు కావాలి. ఎండవేళ ఛార్జింగ్ పెడితే పదకొండు రూపాయలు మిగులుతాయి. కానీ ధర కారొక్కదానికే మారదు, ఇల్లంతటికీ మారుతుంది. వేసవి సాయంత్రాల్లో ఏసీలు, గ్రైండరు, ఇండక్షన్ స్టవ్ కలిసి పది యూనిట్లు లాగితే ఎనిమిది రూపాయలు అదనం. అంటే మిగిలేది మూడు రూపాయలే! రాత్రి పదకొండుకు పెడితే ఆ మూడూ ఉండవు, చేతినుంచి ఎనిమిది పోతాయి. ఆఫీసు నుంచి రాగానే ప్లగ్గు పెట్టేవాళ్లకైతే దాదాపు పద్నాలుగు రూపాయల నష్టం. చాలామంది చేసేది ఇదే, నాకు బాధ కలిగించేదీ ఇదే.

కాబట్టి పగలు బండి ఇంటిదగ్గరుండే వాళ్లకు, అంటే రిటైరైన వాళ్లకు, ఇంటినుంచే పనిచేసేవాళ్లకు ఎండవేళ ఛార్జింగ్ నిక్షేపంగా నప్పుతుంది. రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లు ఆదివారాన్ని వాడుకోవచ్చు. ఇంట్లో పెట్టుకునే 3.3 కిలోవాట్ల ఛార్జర్ ఎనిమిది గంటల్లో ఇరవై ఆరు యూనిట్లు ఎక్కిస్తుంది. దాంతో నూట యాభై కిలోమీటర్లు, అంటే వారంలో మూడు నాలుగు రోజులు గడుస్తాయి. ఆఫీసు పార్కింగులో ఛార్జర్ పెట్టమని యాజమాన్యాన్ని అడగడం ఇంకా మేలు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ముందు ఒకటి చూసుకోండి. సెల్లార్లో మీ ప్లగ్గు మీ ఫ్లాటు మీటరుకు కలిసిందా, అసోసియేషన్ మీటరుకా? రెండోదైతే యూనిట్‌కు ఏ ధర కడుతున్నారో అసోసియేషన్‌నే అడగాలి.