ఎక్స్‌పీ ఎటు ఇస్తే ఆట అటే

అందరికీ నమస్కారం. పిలిచినవాళ్లకు కృతజ్ఞతలు. మధ్యాహ్నం రోల్‌ప్లేయింగ్ ఆటల టేబుళ్లు నడపబోయే డీఎంలు, అంటే కథ చెబుతూ ఆట నడిపే డంజన్ మాస్టర్లు, చాలామంది ఇక్కడే ఉన్నారు కాబట్టి నేరుగా మీతోనే మాట్లాడతాను.

"మా ప్లేయర్లు కనిపించినవాణ్నల్లా నరికేస్తున్నారండీ, కథ ఎవరికీ పట్టదు" అని డీఎంలు నా దగ్గర వాపోతుంటారు. ఎక్స్‌పీ, అంటే పాత్ర లెవెల్ పెరగడానికి ఇచ్చే అనుభవ పాయింట్లు, దేనికిస్తున్నారని అడుగుతాను. రాక్షసులను చంపినందుకే అంటారు. మరి చంపక ఏం చేస్తారు? పరీక్షలో రాని పాఠం ఎవరు చదువుతారు?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో దొరికిన నిధికీ ఎక్స్‌పీ ఉండేది. 1981 నాటి బేసిక్ సెట్ లెక్క చూడండి. ఫైటర్, అంటే యోధుడి పాత్ర, రెండో లెవెల్‌కు రావాలంటే 2,000 ఎక్స్‌పీ కావాలి. ఆర్క్ అనే రాక్షసుణ్ని ఒకణ్ని చంపితే వచ్చేది 10. ఒక బంగారు నాణెం బయటికి తెస్తే 1. అంటే 200 ఆర్క్‌లతో తలపడటమూ, 2,000 నాణేలు మోసుకురావడమూ ఒకటే. ఫైటర్ ప్రాణమేమో ఎనిమిది ముఖాల పాచిక ఒక్కసారి వేస్తే పడినంత! కత్తి దూయడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకే కాపలావాళ్ల కన్నుగప్పేవాళ్లు, గాబ్లిన్లతో బేరాలాడేవాళ్లు, అవసరమైతే పరుగు తీసేవాళ్లు. 1989లో రెండో ఎడిషన్ వచ్చేసరికి బంగారానికి ఎక్స్‌పీ ఇవ్వడం డీఎం ఇష్టానికి వదిలేశారు. యుద్ధాలు పెరిగాయి. మనుషులు మారలేదండీ, లెక్క మారింది.

1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే ఇంకో ఆటలో ఏ నైపుణ్యం వాడి నెగ్గితే దాని పక్కన టిక్కు పడుతుంది. తర్వాత అది పెరిగే అవకాశం వస్తుంది. చక్కటి ఆలోచన. కానీ ప్లేయర్లు కత్తితో ఒక దెబ్బ వేసి, టిక్కు పడగానే గొడ్డలి తీసి, ఆ తర్వాత ఈటె అందుకునేవాళ్లు.

ఇంకో రెండు ఆటల గురించి చెబుదామని రాసుకొచ్చాను. వాటిని పక్కన పెడుతున్నాను. ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

నేను ఆడిన ఒక క్లబ్బులో సెషన్ చివర "బాగా నటించినవాళ్లకు" అదనపు ఎక్స్‌పీ ఇచ్చేవారు. మాతో ఒక అమ్మాయి ఉండేది, తక్కువ మాట్లాడేది. కథలో మా పాత్రలు తిరిగే చోటికి గ్రాఫ్ పేపర్ మీద పెన్సిల్‌తో మ్యాప్ గీసేది, గడికి పది అడుగులు. ఒకరోజు నడవా చుట్టూ తిరిగొచ్చాక మ్యాప్ మధ్యలో మూడు గడులు ఖాళీగా మిగిలాయి. "ఇక్కడ గది ఉండాలి" అంది. గోడ తడిమి చూస్తే నిజంగానే రహస్య ద్వారం! ఆ రాత్రి బహుమతి మరుగుజ్జు గొంతుతో అరిచిన కుర్రాడికి వెళ్లింది. తర్వాతి సెషన్ల నుంచి టేబుల్ అంతా గొంతులే. ఒకరి మాట ఒకరు వినరు. ఆ అమ్మాయి పెన్సిల్ పక్కన పెట్టేసింది, కొన్నాళ్లకు రావడమే మానేసింది. చెప్పండి, ఆ టేబుల్‌కు ఎవరు అవసరం? ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

డంజన్ వరల్డ్ అనే ఆట 2012లో వచ్చింది. అందులో పాచికల మొత్తం ఆరు, అంతకన్నా తక్కువైతే ఆటగాడికి ఒక ఎక్స్‌పీ. ఓడిపోతే వచ్చేదీ ఉంది కాబట్టి జంకకుండా ప్రయత్నిస్తారు. సెషన్ చివర అందరినీ కలిపి అడుగుతారు: ఈ లోకం గురించి ముఖ్యమైనది కొత్తగా ఏమైనా తెలుసుకున్నామా? చెప్పుకోదగ్గ శత్రువును జయించామా? గుర్తుండిపోయే నిధి దొరికిందా? ఏ ప్రశ్నకు అవునన్నా ఎక్స్‌పీ అందరికీ. మ్యాప్ గీసినవాళ్లకూ, గొంతు మార్చినవాళ్లకూ.

మీకిచ్చిన స్కోరు షీట్ అడుగున "ఉత్తమ ఆటగాడు" అని ఒక గడి ఉంది. దయచేసి దాన్ని కొట్టేయండి. నిర్వాహకులతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఆ మూడు ప్రశ్నలూ షీట్ వెనక రాసుకుని, ఆట మొదలుపెట్టేముందే మీ ప్లేయర్లకు చదివి వినిపించండి.